అమెరికా కాలేజీకి వెళ్తే ప్రో టెన్నిస్ ఆడే వయసు దాటిపోతుందా?

మీ అబ్బాయికి పదిహేడేళ్లు, జూనియర్స్‌లో బాగా ఆడుతున్నాడు, కాలేజీలో నాలుగేళ్లు పోతే ప్రో అవకాశం పోతుందేమోనని మీ భయం. నేను ఆ దారిలో వెళ్లి మధ్యలో ఆగిపోయినవాణ్ని. అయినా వెళ్లమనే చెప్తాను. కారణం మన దేశపు టెన్నిస్ ఆటగాడు సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్.

అతను వర్జీనియా యూనివర్సిటీలో సోషియాలజీ చదువుతూ ఆడాడు. 2006లో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీల జాతీయ పోటీ) సింగిల్స్ ఫైనల్లో ఓడాడు. 2007లో జార్జియా యూనివర్సిటీ ఆటగాడు జాన్ ఇస్నర్‌ని ఓడించి ఛాంపియన్ అయ్యాడు. మనమైతే ఆ మర్నాడే చదువు మాన్పించేవాళ్లం! అతను మాత్రం నాలుగో ఏడు కూడా ఉండి, 44 మ్యాచ్‌లు గెలిచి ఒక్కటే ఓడి, మళ్లీ టైటిల్ కొట్టాడు. ఆ తర్వాతే పూర్తిగా ప్రోలోకి దిగాడు.

2009 జనవరిలో వైల్డ్ కార్డు మీద, అంటే ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులు ఇచ్చే ప్రత్యేక ప్రవేశంతో, చెన్నై ఓపెన్ ఆడి ఫైనల్ దాకా వెళ్లాడు. అప్పుడు నేను ఇంటర్ సెకండియర్. ఇంట్లో ఏదో చెప్పి, విజయవాడలో రాత్రి రైలెక్కి చెన్నైలో ఆ టోర్నీ జరిగే నుంగంబాక్కం వెళ్లి, ఒకప్పటి ప్రపంచ నంబర్ వన్ కార్లోస్ మోయాతో అతని మ్యాచ్ చూశాను. పెద్ద సర్వీస్ లేదు, కానీ బంతిని వదలడు. మోయా లాంటివాడు విసిగిపోవడం కళ్లారా చూశాను.

ఆ ఒంటి సత్తువ కాలేజీలో వస్తుంది. నేను ఆడింది చిన్న కాలేజీలో, ఐదో సింగిల్స్, అంటే జట్టులో ఐదో స్థానం. అయినా జిమ్, ఫిజియో, ప్రయాణాలు అన్నీ వాళ్ల ఖర్చే. టీమ్ మ్యాచ్‌లో రెండు జట్లూ మూడేసి పాయింట్లతో సమంగా ఉండి చివరి కోర్టులో నేనే మిగిలినప్పుడు పడ్డ టెన్షన్ మళ్లీ ఎక్కడా పడలేదు. డిగ్రీ అయ్యాక చిన్న ప్రో టోర్నీలు ఆడాను. హోటల్, రాకెట్ తీగలు, టికెట్లు అన్నీ సొంత జేబులోంచే. మూడు నెలల్లో చేతులెత్తేశాను.

కాలేజీ టైటిల్ చూసి లెక్కలేసుకోకండి. ఓడిన ఇస్నర్ తర్వాత ప్రపంచ 8వ ర్యాంకు దాకా వెళ్లాడు. గెలిచిన సోమ్‌దేవ్ 2011లో 62 దగ్గర ఆగాడు. అది తక్కువేం కాదు. 2010లో కామన్వెల్త్ సింగిల్స్ స్వర్ణం, ఆసియా క్రీడల్లో రెండు స్వర్ణాలు కూడా ఉన్నాయి. భుజం గాయంతో 2012లో చాలా భాగం పోయింది, 2017 మొదట్లో రిటైరయ్యాడు. మన సాకేత్ మైనేని కూడా అలబామా యూనివర్సిటీలో ఆడినవాడే. 2016 యూఎస్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ (అర్హత పోటీలు) దాటి మెయిన్ డ్రాకి, అంటే అసలు టోర్నీకి వచ్చాడు.

కాలేజీలో చోటు ఇప్పిస్తామనే ఏజెంట్లకి మాత్రం డబ్బు కట్టకండి, మా నాన్న కట్టి నష్టపోయారు. కాలేజీ కోచ్‌లకి అబ్బాయి చేతే నేరుగా మెయిల్ పెట్టించండి. వీడియోలో మంచి షాట్లు ఏరి పెట్టొద్దు, మ్యాచ్ మొత్తం పంపండి. నన్ను తీసుకున్న కోచ్ అయితే, నేను ఓడిన మ్యాచ్ వీడియోనే అడిగాడు.