పిల్లల కథలు, మాట్లాడే జంతువులు: మీ ప్రశ్నలకి జవాబులు

ప్రశ్న: మా పాపకి ఎనిమిదేళ్లు. జంతువుల భాష తెలిసిన ఒక అమ్మాయి వేటగాళ్ల ఉచ్చులో పడ్డ ఏనుగుని కాపాడే కథ రోజూ చదివించుకుంటోంది. ఇప్పుడు తనకీ ఆ శక్తి వస్తుందా అని అడుగుతోంది. అదంతా అబద్ధమని చెప్పెయ్యనా?

జవాబు: వద్దమ్మా, అంత తొందరొద్దు. ఏనుగు మనలాగా మాటలాడదు కానీ వాటిలో అవి మాట్లాడుకుంటాయి అని చెప్పండి, అది నిజం కూడా. మన చెవికి వినపడనంత లోతైన గొంతుతో, 20 హెర్ట్జ్ కన్నా తక్కువలో పిలుచుకుంటాయి, ఆ పిలుపు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంకో గుంపుకి కూడా చేరుతుంది. 1984లో కేటీ పేన్ అనే పరిశోధకురాలు ఒక జూలో ఏనుగుల పక్కన ఉన్నప్పుడు గాలి అదురుతున్నట్టు అనిపించి, తర్వాత రికార్డ్ చేసి చూస్తే సంగతి బయటపడింది. ఇంకా ముచ్చటైంది 2024లో వచ్చింది, కెన్యాలో ఏనుగులు ఒకదాన్నొకటి పేరు లాంటి పిలుపుతో పిలుచుకుంటాయని, తనని పిలిచిన రికార్డింగ్ వినిపిస్తే వేరేవాళ్లని పిలిచినదానికన్నా త్వరగా స్పీకర్ వైపు వచ్చి బదులు పలుకుతాయని తేలింది. పాపకి ఇది చెప్పి చూడండి, కథ కన్నా గట్టిగా పట్టుకుంటుంది.

మనుషులు అడవి పక్షితో మాట్లాడుకునే చోటు కూడా ఒకటుంది. మొజాంబిక్‌లో తేనె తీసేవాళ్లు "బ్ర్ర్ హ్మ్" అని ఒక కూత కూస్తారు, అది విని తేనెపట్టు చూపించే పక్షి ముందు ఎగురుతూ చెట్టు దాకా తీసుకెళ్తుంది, తేనె వీళ్లకి, మైనం దానికి. వేరే శబ్దాలు చేసినప్పటికన్నా ఈ కూత కూసినప్పుడు పక్షి దారి చూపించే అవకాశం దాదాపు రెట్టింపని 2016లో లెక్కకట్టారు. ఆ కూత పెద్దవాళ్ల దగ్గర విని నేర్చుకున్నదే, మంత్రం ఏం లేదు.

ప్రశ్న: నేనే ఇలాంటి సాహస కథ ఒకటి రాస్తున్నానండి. జంతువుల చేత ఏం మాట్లాడించాలో తెలియట్లేదు, మనుషులు తోకలు పెట్టుకుని మాట్లాడినట్టు వస్తోంది.

జవాబు: జంతువుకి ఏం తెలుసో అదే చెప్పించండి, అంతకు మించి వద్దు. ఆఫ్రికాలో ఉండే వర్వెట్ కోతుల్ని చూడండి, చిరుత కనిపిస్తే ఒక రకంగా అరిచి మిగతావాటిని హెచ్చరిస్తాయి, గద్ద కనిపిస్తే ఇంకో రకంగా, పాము కనిపిస్తే మరో రకంగా. చిరుత అరుపు వింటే చెట్టెక్కుతాయి, గద్ద అరుపుకి పైకి చూస్తాయి లేదా పొదల్లోకి దూరతాయి, పాము అరుపుకి లేచి నిలబడి నేల మీద వెతుకుతాయి. మీ కథలో పిల్లాడు ఈ మూడింటికీ తేడా తెలియక తప్పు వైపు పరిగెత్తాడనుకోండి, ఒక అధ్యాయం అక్కడే తయారు.

ఇంకో మాట, విలన్ అంటే ప్రతిసారీ తుపాకీ పట్టుకున్న వేటగాడే అవ్వక్కర్లేదు. మన దేశంలో, పక్క దేశాల్లో రాబందులు లక్షల్లో చచ్చిపోయాయి, వాటిని ఎవరూ కాల్చలేదు. పశువులకి నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు కళేబరంలో ఉండిపోయి, అది తిన్న రాబందుల కిడ్నీలు పాడైపోయాయి. 2004లో కారణం తెలిసింది, 2006లో పశువుల వాడకానికి ఆ మందుని నిషేధించారు. ఇప్పుడు మీ కథలో రాబందు ఏం చెప్పగలదు? "తిన్నాం, మావాళ్లు తలలు వాల్చేసి పడిపోయారు" అంతే, మందు పేరు దానికి తెలీదు. మిగతాది పిల్లలు పశువుల డాక్టర్‌ని అడిగి, రైతుని అడిగి కనిపెట్టాలి. రైతు కూడా చెడ్డవాడు కాదు, ఆవు నొప్పి చూడలేక మందు వేయించాడు. ఇలాంటి చిక్కు పిల్లలకి అర్థం కాదనుకుంటాం కానీ బాగా అర్థమవుతుంది. దయచేసి రాబందుని, హైనాని, పాముని మాత్రం దుర్మార్గుల్ని చెయ్యకండి, ఇప్పటికే ఉన్న చెడ్డపేరు చాలు వాటికి.

ప్రశ్న: కథలో లాగా అడవిలో ఒంటరిగా కనిపించిన జింకపిల్లని ఇంటికి తెచ్చి పెంచుకోవచ్చా? (ఒక బాల పాఠకుడు)

జవాబు: వద్దు నాన్నా. తల్లి మేతకి వెళ్తూ పిల్లని గడ్డిలో దాచి వెళ్తుంది, అది కదలకుండా పడుకుని ఉంటుంది, నువ్వు పక్కనుంటే తల్లి దగ్గరికి రాదు. ముట్టుకోకుండా దూరం జరుగు. దెబ్బ తగిలినట్టు కనిపిస్తే మాత్రం పెద్దవాళ్లకి చెప్పి అటవీశాఖ వాళ్లకి ఫోన్ చేయించు.