ఫార్మింగ్ సిమ్యులేటర్‌లో మ్యాప్ అందం చూసి కాదు, అక్టోబర్ నెల చూసి ఎంచుకోండి

ప్రశ్న: "ఫార్మింగ్ సిమ్యులేటర్ 22 (పొలం సాగు చేసే వీడియో గేమ్) మొదలుపెట్టి రెండు నెలలైంది. మాది విశాఖ, గాజువాక. పెద్ద మ్యాప్ (ఆట జరిగే ప్రాంతం) వేసుకుంటే పని అందడం లేదు, పంట వాడిపోతోంది. ఏ మ్యాప్ మంచిది? కొత్త వెర్షన్ 25కి మారితే తేలికవుతుందా?"

మ్యాప్ మార్చినంత మాత్రాన మీ ఇబ్బంది తీరదు. మీరు అడగాల్సింది "ఏ మ్యాప్" అని కాదు, "నా మిషన్‌తో గంటకు ఎన్ని ఎకరాలు అవుతుంది" అని. ఆ లెక్క తేలితే మ్యాప్ ఏదో దానంతట అదే తేలుతుంది.

ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి విస్తీర్ణాన్ని హెక్టార్ల నుంచి ఎకరాలకు మార్చుకోండి. 1 హెక్టారు అంటే దాదాపు 2.47 ఎకరాలు, అంటే 247 సెంట్లు. మన కంటికి ఎకరం ఎంత ఉంటుందో తెలుసు, హెక్టారు తెలియదు. డబ్బు మాత్రం యూరో, డాలర్, పౌండ్ మూడింట్లోనే ఉంది, రూపాయి పెట్టలేదు. ఇంతమంది రైతులున్న దేశంలో ఈ ఆట ఆడేవాళ్లు ఇంతమంది ఉండగా అది పెట్టకపోవడం నాకు నిజంగా బాధగానే ఉంటుంది. కింద లెక్కలు హెక్టార్లలోనే చెబుతాను, గుణకారం తేలిక.

సూత్రం ఇదీ: మిషన్ వెడల్పు మీటర్లలో, వేగం గంటకు కిలోమీటర్లలో తీసుకుని రెండూ గుణించి 10తో భాగించండి. గంటకు ఎన్ని హెక్టార్లో వస్తుంది. 6 మీటర్ల హెడర్ (ముందు బిగించే కోత భాగం) ఉన్న కోత మిషన్ 10 కిలోమీటర్ల వేగంతో నడిస్తే 6 హెక్టార్లు. ఇది కాగితం మీద లెక్క. మలుపులు తిరగడం, ట్యాంక్ ఖాళీ చేయడం కలుపుకుంటే చేతికొచ్చేది అందులో మూడింట రెండొంతులే, అంటే 4 హెక్టార్లు. అదే 6 మీటర్ల విత్తన గొర్రు 15 వేగంతో వెళ్తే కాగితం మీద 9, పొలంలో 6. 3 మీటర్ల నాగలి 12 వేగంతో వెళ్తే 3.6, పొలంలో రెండున్నర. ఏ పనిముట్టుకు ఎంత వేగమో, ఎంత హార్స్‌పవర్ ట్రాక్టర్ కావాలో షాపులోనే రాసి ఉంటుంది. కొనేముందు ఆ రెండు అంకెలూ చదవండి. ట్రాక్టర్ బలం చాలక ఎత్తు మీద 15 కాస్తా 8కి పడిపోతే లెక్కంతా సగమైపోతుంది.

ఇప్పుడు అక్టోబర్ సంగతి. మీకు పని అందనిది ఇక్కడేనని దాదాపు ఖాయంగా చెప్పగలను.

మీకు 3 హెక్టార్ల పొలాలు రెండున్నాయనుకుందాం. ఒకదాంట్లో మొక్కజొన్న, ఒకదాంట్లో సోయా. రెండూ ఏప్రిల్, మే నెలల్లో వేసేవే, రెండూ అక్టోబర్, నవంబర్‌లలో కోతకు వచ్చేవే. ఆ రెండు పొలాల్లోనూ తర్వాత గోధుమ వేద్దామనుకున్నారు. గోధుమ విత్తే గడువు సెప్టెంబర్, అక్టోబర్. సెప్టెంబర్‌లో పొలం ఖాళీగా లేదు. ఆటలో నెలకు ఒక్క రోజే పెట్టుకున్నారు. అంటే కోతా, దుక్కీ, విత్తూ అన్నీ అక్టోబర్ అనే ఆ ఒక్క రోజులో అవ్వాలి.

ఉదయం 6 గంటలకు మిషన్ ఎక్కారు. 6 హెక్టార్ల కోతకు గంటన్నర. మధ్యలో హెడర్ మార్చాలి, మొక్కజొన్నది వేరు, సోయాది వేరు. మొక్కజొన్న తర్వాత నేల దుక్కి అడుగుతుంది, 3 హెక్టార్లకు గంటా పది నిమిషాల పైన. విత్తడానికి, దున్నకుండా నేరుగా వేసే గొర్రయినా సరే, మరో గంట దగ్గర. మొత్తం మూడు ముప్పావు గంటలు. పెద్ద పనేం కాదనిపిస్తుంది. కానీ మీ ఆట గడియారం 5 రెట్ల వేగంతో నడుస్తోంది. మీరు కుర్చీలో కూర్చున్న మూడు ముప్పావు గంటలు ఆటలో 18 గంటల 45 నిమిషాలు. పొద్దున 6కి మొదలైన పని అర్ధరాత్రి దాటాక 12:45కి అవుతుంది. అప్పటికి నవంబర్ వచ్చేసింది, విత్తన గొర్రు ఇక గోధుమ వేయదు. చివరి నాలుగైదు సాళ్లు ఖాళీ. ఇది వాన రాని రోజు లెక్క. వాన మొదలైతే కోత మిషన్ అసలు కోయదు, తడి ఆరేదాకా ఆగాల్సిందే. ఆటలో మూడు గంటలు వాన పడితే ఇంకా చాలా నేల గోధుమ లేకుండా మిగిలిపోతుంది.

అక్టోబర్ వాన అంటే ఏమిటో విశాఖ వాళ్లకు చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూసినవాళ్లం. కోత చేతికొచ్చే వేళ ఆకాశం చూస్తూ కూర్చోవడం ఈ ఆటలోనూ ఉంది. అందుకే దీన్ని పిల్లలాట అని కొట్టిపారేసేవాళ్లంటే నాకు కోపం.

ఇప్పుడు దీనికి విరుగుడు. కోత రోజున గడియారాన్ని 1 రెట్టుకు దించేయండి. అదే పని ఉదయం 9:45కి అయిపోతుంది, రోజంతా చేతిలో ఉంటుంది. ఓపిక లేదంటే 2 రెట్లు, మధ్యాహ్నం ఒకటిన్నరకి అవుతుంది, వానకు కూడా చోటుంటుంది. పని లేని నెలల్లో ఎంతైనా పరిగెత్తించండి. లేదా నెలకు 3 రోజులు పెట్టుకోండి.

ఇంకా మంచిది, పంటల వరస మార్చడం. గోధుమకు ముందు మొక్కజొన్న వేయకండి, జొన్న వేయండి. జొన్న కూడా ఏప్రిల్, మేలోనే వేస్తారు, కానీ ఆగస్టు, సెప్టెంబర్‌లోనే కోతకొస్తుంది. గోధుమకు రెండు నెలల గడువూ పూర్తిగా దొరుకుతుంది. గోధుమ జూలై, ఆగస్టుల్లో కోస్తారు, వెంటనే ఆగస్టు, సెప్టెంబర్‌లో కనోలా (ఆవాల జాతి నూనెగింజ) పడుతుంది. అది మళ్లీ జూలై, ఆగస్టులకు తయారు. మొక్కజొన్నా సోయా వేసిన పొలాన్ని చలికాలమంతా వదిలేసి మార్చిలో ఓట్స్ వేసుకోండి. అలా చేస్తే ఒకే పొలంలో కోతా, విత్తూ ఒక్క నెలలోనే ఇరుక్కోవు.

గడువు మరీ దగ్గరపడితే ఏది వదిలేయొచ్చో కూడా తెలుసుకోండి. 22లో దిగుబడి పెంపు ఇలా ఉంటుంది: రెండు దఫాల ఎరువుకు కలిపి 45 శాతం, కలుపు లేకపోతే 20, సున్నానికి 15, దుక్కికి 15, కోశాక మోళ్లను మల్చర్‌తో నలగ్గొడితే 2.5, విత్తాక రోలర్ తిప్పితే 2.5. అన్నీ చేస్తే నూటికి నూరు పెంపు, అంటే పంట రెట్టింపు. ఇక్కడే చాలామంది పొరపడతారు. దుక్కి మానేస్తే 15 శాతం పంట పోతుందనుకుంటారు. కాదు, 200లో 15 పోతుంది, అంటే నిండు పంటలో ఏడున్నర శాతం. నాగలి పట్టుకుని గంట గడిపి గోధుమ గడువు పోగొట్టుకోవడం కంటే ఆ ఏడున్నరా వదిలేసి విత్తేయడమే నయం. ఎరువు మాత్రం వదలొద్దు, అన్నిటికంటే పెద్ద వాటా దానిదే. రెండో దఫా వెంటవెంటనే వేస్తే లెక్కకు రాదు, పైరు ఒక దశ ఎదిగాక వేయాలి. విత్తన గొర్రులోనే ఎరువు పెట్టె ఉంటే మొదటి దఫా విత్తుతోనే అయిపోతుంది. సున్నం మూడు కోతలకోసారి అడుగుతుంది, బోలెడంత పడుతుంది కాబట్టి అన్ని పొలాలకూ ఒకే ఏడాది రాకుండా చూసుకోండి. కలుపు చిన్నగా ఉన్నప్పుడే వీడర్ తిప్పితే మందు ఖర్చుండదు, ముదిరితే స్ప్రేయర్ తప్పదు. మెనూలో మ్యాప్ తెరిచి నేల స్థితి చూపించే పేజీకి వెళ్తే ఏ పొలం ఏమడుగుతోందో రంగుల్లో కనిపిస్తుంది. ప్రతి నెలా మొదట చూడాల్సింది అదే.

ఇక పొలం ఆకారం. ఒకే 3 హెక్టార్లు, 100 మీటర్లు వెడల్పు 300 మీటర్లు పొడుగు ఉందనుకోండి. 6 మీటర్ల మిషన్‌తో పొడుగునా నడిస్తే 17 సాళ్లు, మలుపులూ దాదాపు అన్నే. అడ్డంగా నడిస్తే 50. నడిచే దూరం రెండిట్లోనూ 5 కిలోమీటర్లే. మలుపుకు 15 సెకన్లు వేసుకున్నా నాలుగు నిమిషాలకూ పన్నెండున్నర నిమిషాలకూ తేడా. వంకరటింకర పొలమైతే కూలివాడిని (మీ బదులు మిషన్ నడిపే ఆటలోని మనిషిని) పెట్టినా మూలల్లో పైరు వదిలేస్తాడు, గట్టు వారనున్న చెట్టుకో స్తంభానికో తగిలి ఆగిపోతాడు. ముందు మీరే గట్టు వెంబడి రెండు చుట్లు కోసి, తర్వాత అతనికి అప్పగించండి. పక్కపక్కన రెండు పొలాలు కొన్నాక మధ్య గట్టును నాగలితో దున్ని కలిపేయొచ్చు, నాగలికి కొత్త పొలం చేసే అనుమతి ఇస్తే చాలు.

కొనేటప్పుడు ఇంకో మోసం ఉంది. ధర పొలానికి కాదు, ఆ భూమి ముక్క మొత్తానికి. అందులో తోపు, బంజరు, రోడ్డు వార అన్నీ ఉంటాయి. ధరను లోపలున్న సాగు విస్తీర్ణంతో భాగించి చూడండి. చవగ్గా కనిపించిన ముక్క ఖరీదైనదని తేలొచ్చు. తొలి ఏడాది అసలు కొనకపోయినా పర్లేదు. కాంట్రాక్టులు తీసుకుని, వాళ్ల మిషన్లే అద్దెకు తీసుకుని పక్కవాళ్ల పొలాలు కోయండి. కోత కాంట్రాక్టులో ఇవ్వాల్సిన ధాన్యం ఇచ్చేశాక మిగిలింది మీదే.

ఇంత చెప్పాక మ్యాప్ సంగతి. 22లో మీకు ఎల్మ్‌క్రీక్ చాలు. అమెరికా పద్ధతి, చదును నేల, పొలాలు చాలావరకు తిన్నగా ఉంటాయి. "ఓ-బేలెరాన్" (Haut-Beyleron) మ్యాప్ ఫ్రాన్స్ దక్షిణాన్ని చూసి చేసింది, ద్రాక్ష, ఆలివ్ మీద మనసుంటే అటు వెళ్లండి, కానీ వాటికి పనిముట్లన్నీ వేరే కొనాలి. ఎర్లెన్‌గ్రాట్ ఆల్ప్స్ కొండలు. నిండు ట్రాలీతో ఎత్తు ఎక్కడానికి బలమైన ట్రాక్టర్ కావాలి, మొదటి ఏడాది అది మీ దగ్గర ఉండదు.

మీరు వేసుకున్న పెద్ద మ్యాప్ మాడ్ (ఆటకు విడిగా కలుపుకునే అదనపు ఫైల్) మాత్రం తీసేయండి. మామూలు మ్యాప్ 2 కిలోమీటర్ల చదరం, 4ఎక్స్ అంటే 4 కిలోమీటర్ల చదరం, 16ఎక్స్ అంటే 8 కిలోమీటర్లు. వీడియోల్లో 16ఎక్స్ చూపించేవాళ్లు నలుగురైదుగురు కలిసి ఆడతారు, ఆ మాట చెప్పరు. ఒక్కరే ఆడేవాళ్లకు దాన్ని సిఫారసు చేయడం అన్యాయం. అమ్మే చోటు 3 కిలోమీటర్లుంటే రానూపోనూ 6, 40 వేగంతో 9 నిమిషాలు. ట్రాలీ వచ్చేలోపు మిషన్ ట్యాంక్ నిండి నిలబడిపోతుంది.

చెరకు వేసేవాళ్లకు ఈ దూరం మరీ ముఖ్యం. చెరకు లీటరు ధర తక్కువ, బరువు ఎక్కువ, ట్రాలీలు వరసగా తిరుగుతూనే ఉండాలి. మన అనకాపల్లి వైపు తోట ఫ్యాక్టరీకి దగ్గరగా ఉండాలని ఎందుకంటారో ఆటలోనూ అదే కారణం. మంచి సంగతేమిటంటే కోశాక మొదలు మళ్లీ చిగురిస్తుంది, కార్శి తోటలాగే. మళ్లీ నాటక్కర్లేదు. కొత్త పొలానికి విత్తనం కూడా మీరు కోసిన చెరకే. అమ్మేసే ముందు ఒక ట్రాలీ పక్కన పెట్టుకోండి.

25కి మారాలా అన్నారు. అది 2024 నవంబర్ 12న వచ్చింది, మూడు మ్యాపులు: అమెరికా పద్ధతి రివర్‌బెండ్ స్ప్రింగ్స్, పోలండ్ పద్ధతి జీలోంకా, తూర్పు ఆసియా పద్ధతి హుటాన్ పంటాయ్. తిన్నగా నడిపే జీపీఎస్ ఆటలోనే వచ్చింది, సాళ్లు ఒకదానిపై ఒకటి పడవు, ఆ మేరకు పని తగ్గుతుంది. అక్టోబర్ లెక్క మాత్రం అక్కడా ఇదే. మనవాళ్లు 25 కొనాల్సింది వరి కోసం. మడులు, నారు, నాట్లు, గేదెలు ఉన్నాయి. హుటాన్ పంటాయ్‌లో రెండు రకాల వరి ఉందని గుర్తుంచుకోండి. పొడుగు గింజ రకం మామూలు పొలంలో వెదజల్లే పద్ధతిలాగే విత్తేయొచ్చు, నీళ్లు నిలబెట్టక్కర్లేదు. మామూలు వరికి నారు కావాలి, కొనొచ్చు, గ్రీన్‌హౌస్‌లో పెంచుకోవచ్చు. మడికి నీళ్లు పెట్టి నాటు యంత్రంతో ఊడ్చాలి, కోతకు ముందు నీళ్లు తీసేయాలి. మడులు చిన్నవి, యంత్రాలూ చిన్నవే. 2 మీటర్ల వెడల్పుతో 6 వేగమంటే గంటకు 1.2 హెక్టార్లు, మలుపులు పోను 0.8, అంటే రెండెకరాలు. కాబట్టి తొలి ఏడాది వరి రెండెకరాలు దాటించకండి, మిగతా నేలలో పొడుగు గింజే వేయండి. ఊడ్పుల రోజున గడియారం 1 రెట్టు మీదే ఉంచండి.