తుఫాను వెలిశాక మంచుతో పాట్లు

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో బఫెలో దగ్గర ఒక చిన్న ఊరిలో ఉంటున్నారు. మంచు తుఫాను వెలిసినా అల్లుడు రోజూ వాకిట్లో మంచు ఎత్తిపోస్తూనే ఉన్నాడట, రోడ్ల మీద ఉప్పు చల్లుతున్నారట. ఉప్పు ఎందుకు? మేము భయపడవలసిందేమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక మనకు కరెంటు లేక, నీళ్లు రాక గడిచిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అయితే వాన నీరు పల్లానికి పారిపోతుంది గాని, బఫెలో పక్కనే ఉన్న ఈరీ సరస్సు మీదుగా వచ్చే చలిగాలులు కుమ్మరించిన మంచు ఎవరైనా ఎత్తిపోస్తే తప్ప చాలా రోజులు కదలదు. ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల కంటే తక్కువ ఉష్ణోగ్రతలో గాని గడ్డకట్టదు కనుక, రోడ్డు మీది మంచు కరిగి చక్రాలకు పట్టు దొరుకుతుంది. చలి మైనస్ 10 డిగ్రీలు దాటితే మాత్రం మామూలు ఉప్పు అంతగా పనిచేయదు. ఆ ఉప్పే కార్లను తుప్పు పట్టిస్తుంది, మన బీచ్‌రోడ్డు ఇళ్ల కిటికీ ఊచల సంగతి తెలిసిందే కదా!

భయం అక్కరలేదు, జాగ్రత్త కావాలి. చలికి రక్తనాళాలు కుంచించుకుపోయి ఉండగా బరువైన తడిమంచును పారతో ఎత్తడం గుండెకు పెద్ద శ్రమ కనుక, అల్లుడుగారిని కొద్దికొద్దిగా, మధ్యమధ్య ఆగుతూ ఎత్తమనండి. అంతకంటే ముఖ్యం, కారు స్టార్ట్ చేసేముందు వెనుక పొగగొట్టానికి అడ్డుపడిన మంచును తప్పక తొలగించమనండి. లేకపోతే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ కారులోకి చేరి ప్రాణం తీయగలదు.