కంప్యూటర్ కంపెనీ అమ్మకానికి బేరం నడుస్తుంటే రోజులు ఎలా గడుస్తాయి?

గుంటూరు బ్రాడీపేటలో మీకు కంప్యూటర్ల వ్యాపారం ఉందని, హైదరాబాద్ కంపెనీ ఒకటి కొంటామంటోందని రాశారు. బేరం తేలేదాకా ఎలా నెట్టుకురావాలి, స్టాఫ్‌కి ఎప్పుడు చెప్పాలి అని అడిగారు. నేను 2024లో విజయవాడ గవర్నర్‌పేటలో ఉన్న నా సంస్థని అమ్మాను. సేల్స్, సర్వీస్, కాలేజీలకీ ఆస్పత్రులకీ ఏఎంసీలు (ఏడాదికింతని కంప్యూటర్లు చూసుకునే కాంట్రాక్టులు), 31 మంది మనుషులు. మేలో మొదలైన మాటలు నవంబరులో సంతకాలదాకా వచ్చాయి.

ధర గురించి పడ్డ టెన్షన్ కన్నా ఆ ఆరేడు నెలలు ఏమీ జరగనట్టు షాపులో కూర్చోవడానికి పడ్డ పాట్లే ఎక్కువ. అవతలి వాళ్ళ ఫోన్లు సరిగ్గా పదకొండింటికి, కౌంటర్ దగ్గర జనం మొదలయ్యే వేళకి వచ్చేవి. మా ఆఫీసు గదులకి ప్లైవుడ్ గోడలు, తుమ్మినా పక్క గదిలో వినపడుతుంది. కారు తీసుకెళ్ళి బందరు రోడ్డు మీద స్టేడియం పక్కన ఆపి, చప్పుడు లేకుండా ఏసీ కట్టేసి మాట్లాడేవాణ్ణి. మే నెల, బెజవాడ ఎండ, అద్దాలు ఎత్తిన కారు. చొక్కా పిండుకునే స్థితిలో తిరిగొచ్చి, బ్యాంకులో కరెంటు పోయిందని చెప్పేవాణ్ణి. వారంలో మూడుసార్లు కరెంటు పోయే బ్యాంకు ఊళ్ళో ఎక్కడుందో ఎవరూ అడగలేదు.

జూన్‌లో వాళ్ళ ఆడిటర్లు ఒక ఎక్సెల్ షీటు పంపారు. 143 వరసలు. మూడేళ్ళ జీఎస్‌టీ రిటర్న్‌లు, పీఎఫ్ చలానాలు, షాపు లీజు, ప్రతి ఏఎంసీ కాగితం, మా సొంత కంప్యూటర్లలో ఉన్న సాఫ్ట్‌వేర్ల లైసెన్సులు. ఇవన్నీ మా ప్రింటర్ మీద తీస్తే, ఏం ప్రింటు తీశామో నమోదయ్యే లాగ్‌లో కనిపిస్తాయి, మా కుర్రాళ్ళకి అది చూడటం వచ్చు, నేర్పింది నేనే. అందుకని రెండు వీధుల అవతల జెరాక్స్ షాపుకి పెన్‌డ్రైవ్ పట్టుకుపోయేవాణ్ణి. ఆయన మా దగ్గరే మిషన్ కొన్నాడు. “ఏంటి సార్, మీ దగ్గర ప్రింటర్లు అయిపోయాయా?” అన్నాడు. నవ్వేసి వచ్చాను.

రాత్రి ఎనిమిదికి షట్టరు దించాక అసలు పని. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో స్టాకు కొన్న ధరకే ఉండిపోయింది. డీడీఆర్2 ర్యాములు, ఎవరూ అడగని మోడళ్ళ టోనర్లు, ఒక అలమారా నిండా పాత మదర్‌బోర్డులు. నా కళ్ళకి సరుకు, వాళ్ళ లెక్కలో సున్నా. కోపం వచ్చింది కానీ వాళ్ళది తప్పనలేను. మీరైతే వాళ్ళు రాకముందే ఆ పాత స్టాకు మీరే లెక్కలోంచి తీసేయండి. వాళ్ళ నోట వింటే ఆ రాత్రి నిద్ర పట్టదు.

రావాల్సిన బాకీల సంగతి మీకు చెప్పక్కర్లేదు. కాలేజీకి ఎప్పుడు ఫోన్ చేసినా “ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదండీ” అన్నదే జవాబు. ఈలోగా సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు వాగు సింగ్‌నగర్‌ని ముంచేసింది. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మా షాపులోకి నీళ్ళు రాలేదు. మా టెక్నీషియన్లలో నలుగురి ఇళ్ళు మాత్రం మునిగాయి. నీళ్ళు తీశాక సీపీయూలు ఆటోల్లో దిగడం మొదలైంది. కేబినెట్ విప్పి వంచితే లోపల కరెంటు అందించే డబ్బా, ఎస్‌ఎంపీఎస్‌లోంచి బురద నీళ్ళు కారేవి. బోర్డులు పాత టూత్‌బ్రష్‌తో ఐపీఏ అనే ఆల్కహాల్ పెట్టి తోమి, బ్లోయర్‌తో ఆరబెట్టి, రెండు రోజులు ఆగాకే కరెంటు ఇచ్చేవాళ్ళం. తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్కులు, ఎస్‌ఎస్‌డీలు చాలావరకు బతికాయి. మామూలు హార్డ్ డిస్కులకి గాలి పీల్చే చిన్న రంధ్రం ఉంటుంది, అందులోంచి నీళ్ళు పోతే ఇక కష్టం. ఒక మందుల షాపాయన తన డిస్కుని పసిపిల్లాడిలా తువ్వాలులో చుట్టి తెచ్చాడు.

ఆ పది రోజులు నేను ఎక్సెల్ షీటు తెరవలేదు. “87వ వరస ఇంకా పెండింగ్” అని మెయిల్ మీద మెయిల్ వచ్చేది. తర్వాత తీరిగ్గా, వరద వల్ల వసూళ్ళు ఆగాయి కాబట్టి ధర తగ్గించమన్నారు. 180 రోజులు దాటిన బాకీలు నాకే వదిలేయమని, నేనే వసూలు చేసుకుంటానని, ధర ముట్టుకోవద్దని అన్నాను. వారం రోజులు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఒప్పుకున్నారు. మొత్తంలో 75 శాతం సంతకం రోజున, మిగతాది ఏడాది తర్వాత, పాత కస్టమర్లలో ఏఎంసీ ఎంతమంది రెన్యూ చేశారో చూసి.

మా ఆడిటర్ గారు పట్టుబట్టింది ఒక్కటే, వ్యాపారం మొత్తం గంపగుత్తగా అమ్మమని. దాన్నే స్లంప్ సేల్ అంటారు, అప్పటికి అమల్లో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టంలో 50బి సెక్షన్. నడుస్తున్న వ్యాపారాన్ని అలా ఇచ్చేస్తే జీఎస్‌టీ పడదు, మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ళ మీద మనం కట్టిన జీఎస్‌టీలో ఇంకా వాడుకోని భాగం) ఐటీసీ-02 ఫారం మీద కొన్నవాళ్ళకి వెళ్తుంది. పైగా 2024 జులై 23 నుంచి ఇలాంటి దీర్ఘకాలిక లాభం మీద పన్ను 20 శాతం నుంచి 12.5కి తగ్గింది. మేలోనే తొందరపడి సంతకం పెట్టుంటే ఆ తేడా పోయేది. అదృష్టమే, నా తెలివేం కాదు. మీరు ఇప్పటి నిబంధనలు మీ ఆడిటర్‌ని అడగండి.

ఐదేళ్ళు రాష్ట్రంలో ఎక్కడా ఇదే వ్యాపారం చేయకూడదని రాశారు. మామూలుగా అలాంటి షరతు చెల్లదు గానీ గుడ్‌విల్, అంటే వ్యాపారానికున్న మంచిపేరు కూడా అమ్మినప్పుడు, హద్దులు సమంజసంగా ఉంటే చెల్లుతుంది. కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్‌లో ఉన్న మినహాయింపే అది. కాబట్టి చదవకుండా సంతకం పెట్టకండి. నేను మూడేళ్ళకి, మూడు జిల్లాలకి దింపుకున్నాను.

ఇక స్టాఫ్ సంగతి. పాత సర్వీసంతా లెక్కలోకి తీసుకుని గ్రాట్యుటీ ఇస్తామని అగ్రిమెంటులో రాయించాకే చెప్పాలనుకున్నాను, సంతకానికి రెండు వారాల ముందు. మొదట మా హెడ్ టెక్నీషియన్‌ని పిలిచాను. 19 ఏళ్ళుగా మా దగ్గర ఉన్న మనిషి. తలుపు వేసి, నీళ్ళు తాగి, ఎలా మొదలెట్టాలా అని తడుముకుంటుంటే అతనే అందుకున్నాడు: “జూన్ నుంచి తెలుసు సార్. జెరాక్స్ ఆయన చెప్పాడు. మీరే చెప్తారని ఊరుకున్నాం.”

అంటే వరదల్లో ఆ బోర్డులు తోమినప్పుడు కూడా వాళ్ళకి తెలుసు.

మీరు రెండో నెలలోనే, కనీసం ఒక్క నమ్మకమైన మనిషికైనా చెప్పేయండి. ప్రింట్లకి మాత్రం బ్రాడీపేట దాటి వెళ్ళండి.