మోటారు లేకుండా రాకెట్‌ని జనానికి చూపించడం ఎలా?

ప్రశ్న: మేం మెకానికల్ మూడో ఏడాది విద్యార్థులం. 75 మి.మీ. వ్యాసం, మోటారుతో కలిపి రెండు కిలోల బరువు ఉండే రాకెట్ తయారుచేశాం. ఆగస్టు 23న జాతీయ అంతరిక్ష దినోత్సవానికి విజయవాడలో ప్రదర్శించమన్నారు. మోటారుతో సహా పెట్టవచ్చా? జనానికి ఏం చూపిస్తే బాగుంటుంది? – విద్యార్థులు, గుంటూరు

జవాబు: మోటారు, అంటే లోపల ఇంధనం మండి రాకెట్‌ని పైకి తోసే గొట్టం, వద్దు. ఇంధనం నింపిన మోటారు గానీ, దాన్ని అంటించే విడి ఇగ్నైటర్ గానీ హాల్లోకి రాకూడదు. ఇగ్నైటర్ చిన్న బ్యాటరీకే అంటుకుంటుంది. చుట్టూ పిల్లలుంటారు. మోటారు కొలతకే ఆటోనగర్‌లోని లేత్ షాపులో అల్యూమినియం గొట్టం తిప్పించి, అసలు బరువు వచ్చేదాకా ఇసుక నింపి మూత బిగించండి. బరువు సరిపోకపోతే ఇక్కడ చెప్పబోయే ప్రదర్శనే తప్పుతుంది.

రాకెట్‌ని దారంతో కట్టి వేలాడదీయండి. అడ్డంగా, సమంగా నిలిచిన చోటే గురుత్వ కేంద్రం. అక్కడ ఎర్ర స్టిక్కర్ అంటించండి. గాలి ఒత్తిడంతా కలిసి పనిచేసే పీడన కేంద్రం ఎక్కడుందో ఓపెన్‌రాకెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చెబుతుంది. అక్కడ నీలం స్టిక్కర్. ఎరుపు ముక్కు వైపు, నీలం రెక్కల వైపు ఉండాలి. మధ్య దూరం గొట్టం వ్యాసానికి ఒకటి నుంచి రెండింతలు, అంటే మీకు 75 నుంచి 150 మి.మీ. అంతకన్నా తగ్గితే రాకెట్ గాల్లో పల్టీలు కొట్టే ప్రమాదం ఉంది. మరీ పెరిగితే గాలి వచ్చే వైపుకే ముక్కు తిప్పి ఏటవాలుగా పోతుంది. ఈ రెండు స్టిక్కర్ల సంగతి అర్థమైతే ఆరో తరగతి పిల్లకైనా రెక్కలు ఎందుకున్నాయో తెలిసిపోతుంది. పొగ, మంట చూపించి అంత చెప్పలేం.

పారాచూట్‌ని మడిచి దాచకండి, తెరిచి వేలాడదీయండి. రెండు కిలోలు సెకనుకు 5 మీటర్ల వేగంతో దిగాలంటే సుమారు 1.5 మీటర్ల వ్యాసం కావాలి. ఆ గుడ్డ పక్కన రాకెట్ ఎంత సన్నగా ఉందో చూసి జనం ఆశ్చర్యపోతారు.

ఒక జాగ్రత్త. ఆగస్టు తేమకి అట్ట గొట్టం ఉబ్బి ముక్కు బిగుసుకుపోతుంది. నిజంగా ఎగరేసినప్పుడు పారాచూట్ బయటికి రాకపోవడానికి ఇదీ ఒక కారణమే. తలకిందులు చేస్తే ముక్కు ఊడిపడకూడదు, వేళ్లతో లాగితే ఇట్టే రావాలి. బిగుతైతే లోపలికి దూరే అంచుని 220 నంబరు గరుకు కాగితంతో రుద్దండి. వదులైతే మాస్కింగ్ టేపు ఒక చుట్టు వేయండి.

ప్రశ్న: ఏదో ఒకటి ఎగరేసి చూపించమని నిర్వాహకులు పట్టుబడుతున్నారు. నీటి రాకెట్ ఫర్వాలేదా? – ఒక లెక్చరర్, విజయవాడ

జవాబు: ఫర్వాలేదు, బయట మైదానంలోనైతే. కూల్‌డ్రింక్ రెండు లీటర్ల సీసానే వాడండి. మంచినీళ్ల సీసా గోడ పల్చన, ఒత్తిడికి ఆగదు. మూడో వంతు, అంటే 650 మి.లీ. నీళ్లు పోయండి. ఎక్కువైతే గాలికి చోటు తగ్గి తోసే శక్తి చాలదు, తక్కువైతే వెనక్కి తోయడానికి నీళ్లే ఉండవు. మీటరున్న సైకిల్ పంపుతో 4 బార్ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర ఆపండి. ముందు రోజు సీసాని అంచుదాకా నీళ్లతో నింపి 6 బార్ దాకా కొట్టి పరీక్షించండి. నీరు గాలిలా కుదించుకుపోదు కాబట్టి సీసా పగిలినా ముక్కలు ఎగిరిపడవు.

రెక్కలు అతికించడానికి గ్లూ గన్ వాడితే ఆ వేడికి సీసా మెత్తబడి అక్కడే చీలుతుంది. టేపుతో చుట్టండి. నలిగి తెల్లటి గీత పడిన సీసాని పారేయండి. నీళ్లు కన్నుమూసి తెరిచేలోపే అయిపోతాయి, కాబట్టి తూకం ఖాళీ సీసాతోనే చూడాలి. ముక్కులో కొంచెం బంకమట్టి పెట్టి, గురుత్వ కేంద్రం దగ్గర దారం కట్టి గిరగిరా తిప్పండి. ముక్కు ముందుకే ఉంటే సరే, వెనక్కి తిరిగితే మట్టి పెంచండి. జనాన్ని 30 మీటర్ల దూరంలో నిలబెట్టి, పొడవాటి తాడు లాగి వదలండి.

ప్రశ్న: త్రీడీ ప్రింట్ చేసిన ముక్కు కారులో వంకర తిరిగిపోయింది. ఎందుకు? – ఒక విద్యార్థి, తెనాలి

జవాబు: అది పీఎల్ఏ అనే ప్లాస్టిక్ అయ్యుంటుంది. 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ఎండలో మూసిన కారులో డాష్‌బోర్డు మీద అంత వేడి మామూలే. పీఈటీజీ అనే మరో ప్లాస్టిక్‌తో ప్రింట్ చేయించండి, దాదాపు 80 దాకా తట్టుకుంటుంది. లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీని కూడా కారులో వదలకండి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ చార్జింగ్ పెట్టవద్దు.