తూకం కదలలేదని నడక మానేయాలా?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. నా వయసు 34. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాం, ఉద్యోగం అమీర్‌పేటలో. రెండో కాన్పు తర్వాత 14 కిలోలు పెరిగాను. పెళ్లిళ్లలో "ఏమ్మా, ఇంత లావయ్యావు?" అన్నదే పలకరింపు. ఫొటో తీస్తుంటే వెనక వరసలోకి జరిగిపోతాను. రెండు నెలలుగా సరూర్‌నగర్ చెరువు వైపు రోజూ అరగంట నడుస్తున్నాను. తగ్గింది ఒక్క కిలో. నడిచినప్పుడు మనసు తేలికవుతుంది. శనివారం బరువు చూసుకోగానే ఆ తేలిక పోతుంది. నడక మానేయాలనిపిస్తోంది.
- ఒక పాఠకురాలు

జవాబు: మానవద్దమ్మా. మనసు తేలికవుతుందని మీరే రాసి, దాన్ని లెక్కలో వేసుకోకుండా కిలోల దగ్గరికి వెళ్లిపోయారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన కబురు అదే.

1999లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వారు డిప్రెషన్ ఉన్న 156 మందిని 16 వారాలు గమనించారు. అందరూ 50 ఏళ్లు పైబడినవారే. మందు వాడినవారికి మొదట్లో త్వరగా గుణం కనిపించింది. చివరికి వ్యాయామం మాత్రమే చేసినవారు కూడా దాదాపు అంతే కోలుకున్నారు. అలాగని వాడుతున్న మందులు ఎవరూ సొంతంగా ఆపవద్దు.

అద్దం సంగతికి వస్తాను. తూకం కదలకపోయినా శరీరం మీద మన అభిప్రాయం మారగలదు. ఒంట్లో సత్తువ పెరిగిందని మనకు తెలిసివస్తే చాలు. అమ్మ చనిపోయిన ఏడాది నేను ఇందిరా పార్కులో నడక మొదలుపెట్టాను. తొలి వారం ఒక చుట్టు తిరగగానే బెంచీ మీద కూలబడ్డాను. మూడో నెలలో ఆగకుండా నాలుగు చుట్లు తిరిగాను. బరువు అంతే ఉంది. కానీ ఆ రోజు ఇంటికొచ్చి చీర కట్టుకుంటూ అద్దం ముందు నిలబడితే, చాలాకాలం తర్వాత నా ఒంటి మీద నాకు ప్రేమ కలిగింది. మీరూ చూసుకోండి: మెట్రో స్టేషన్ మెట్లు ఇప్పుడు ఎన్నిసార్లు ఆగి ఎక్కుతున్నారు? చిన్నబిడ్డను ఎత్తుకుని ఎంతసేపు నిలబడగలుగుతున్నారు? ఆ జవాబులు క్యాలెండర్‌లో రాసుకోండి. బరువు చూసే మిషనును ఆరు వారాలు అటక మీద పెట్టండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వేగం వ్యాయామం. రోజూ అరగంటంటే మీవి 210 అవుతున్నాయి. తక్కువేమీ కాదు! దానికి వారంలో రెండు రోజులు కండరాల వ్యాయామం కలపండి: కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి నెట్టడం. దగ్గినప్పుడు మూత్రం చుక్కలు పడుతున్నా, నడుము కింద బరువుగా అనిపిస్తున్నా ముందు గైనకాలజిస్టుకు చూపించుకోండి. కాన్పు తర్వాత థైరాయిడ్ తేడా రావచ్చు, ఆ పరీక్షా చేయించండి.

ఒక్క విషయంలో మాత్రం నాకు భయం. బిర్యానీ తిన్నందుకు శిక్షగా రెండింతలు నడవడం, భోజనం మానడం మొదలైతే వెంటనే నాకు రాయండి. ఆ దారిలో మనసు ఇంకా కుంగుతుంది. రెండు వారాలకు మించి దిగులు వదలకపోతే, నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

పెళ్లిలో ఆ మాట మళ్లీ వస్తే "ఇప్పుడు రోజూ నడుస్తున్నాను పిన్నీ, హాయిగా ఉంది" అనండి. అది మీరు నాకు రాసిన నిజమే కదా.