యుద్ధం మీద రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్, ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం మొన్న అందింది. రెండుసార్లు చదివాను. రష్యా-ఉక్రెయిన్ యుద్ధం మీద తెలుగులో ఇంత శ్రమపడి రాసేవాళ్లు తక్కువ. అందుకే మొహమాటం లేకుండా చెబుతాను. మొదటి పేజీలోనే పద్నాలుగు ఆయుధాల పేర్లున్నాయి. జావెలిన్, స్టింగర్, బైరక్తార్, హైమార్స్, లెపర్డ్, కింజాల్... ఒక్కోదాని పక్కన అది ఎంత దూరం కొడుతుంది, ఎంత బరువుంటుంది అనే వివరాలు. పచారీ కొట్టు చిట్టా చదివినట్టే అనిపించింది. పేజీ తిప్పేసరికి ఒక్క పేరూ గుర్తు లేదు.

వ్యాసంతో పాటు ఒక ఉత్తరం పెట్టావు కదా, అందులో రెండు వాక్యాలు మాత్రం ఇప్పటికీ మనసులో ఉన్నాయి. మీ పెద్దమ్మగారి అబ్బాయి అప్పట్లో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ చదివేవాడని రాశావు. 2022 మార్చి 2న మన ఎంబసీ వెంటనే ఊరు వదలమని, బండి దొరకకపోతే కాలినడకనైనా వెళ్లమని చెబితే, పదకొండు కిలోమీటర్లు నడిచి పిసోచిన్ అనే ఊరు చేరాడని రాశావు. అది వ్యాసంలో ఎందుకు లేదు? సొంతవాళ్ల సంగతి రాస్తే బరువు తగ్గుతుందనుకున్నావా? నువ్వు చిట్టా రాసినలాంటి రాకెట్లే ఆ రోజు ఖార్కివ్ మీద పడుతున్నాయి. వాటి కింద నుంచి నడిచి వచ్చినవాడు నీకు ఫోన్‌లో దొరుకుతాడు. రాసేవాళ్లకి అంతకంటే ఏం కావాలి?

ఇంకో మాట. 'యుద్ధ గతినే మార్చేసే ఆయుధం' అని ఐదు చోట్ల రాశావు. ఐదింటినీ కొట్టెయ్. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. 2022 జూన్‌లో హైమార్స్, అంటే అమెరికా రాకెట్ లాంచర్, ఉక్రెయిన్ చేతికి వచ్చింది. దాదాపు 80 కిలోమీటర్ల అవతల ఉన్న మందుగుండు డిపోలు ఒకదాని తర్వాత ఒకటి తగలబడ్డాయి. ఖేర్సన్ దగ్గర ద్నీప్రో నది మీదున్న ఆంతోనివ్‌స్కీ వంతెన భారీ బండ్లకు పనికిరాకుండా పోయింది. నవంబర్‌లో రష్యా సేన నది దాటి వెనక్కి వెళ్లిపోయింది. నేను ఒక పత్రికకు ఇక రష్యా తేరుకోదని రాసి పంపాను. వాళ్లు తేరుకున్నారు. డిపోలను ఇంకా వెనక్కి జరిపారు, ఒక్క చోట పోగుపెట్టకుండా చిన్నచిన్నవిగా విడగొట్టారు, ఆ రాకెట్లకు దారి చూపే జీపీఎస్ సంకేతాలను జామ్ చేశారు. ఏడాది తిరిగేసరికి నా వ్యాసంలో నిలబడే వాక్యం ఒక్కటీ లేదు. చదివిన ఒక పెద్దాయన కనిపించినప్పుడల్లా అది గుర్తు చేసేవారు. ఆయన అన్నది న్యాయమే.

అప్పటినుంచి ఒక అలవాటు చేసుకున్నాను. ఏ ఆయుధం పేరు రాసినా దాని పక్కన మూడు తేదీలు వెతుకుతాను: ఎప్పుడు వచ్చింది, అవతలివాడు విరుగుడు ఎప్పుడు కనిపెట్టాడు, ఆ విరుగుడుకి విరుగుడు ఎప్పుడు వచ్చింది. పరిధి, బరువు, వేగం తర్వాత చూసుకోవచ్చు. అమెరికా 31 అబ్రామ్స్ ట్యాంకులు ఇచ్చింది, నువ్వూ రాశావు. 2024 ఏప్రిల్ నాటికి డ్రోన్ల దెబ్బకు వాటిని ముందు వరస నుంచి వెనక్కి లాగారన్న సంగతి లేకపోతే ఆ వాక్యం సగమే.

అన్ని ఆయుధాలూ అలా వాడిపోవు, అది కూడా చూడు. 2022 ఏప్రిల్ 14న నల్లసముద్రపు రష్యా నౌకాదళ ప్రధాన నౌక మోస్క్వా మునిగింది. కొట్టినవి ఉక్రెయిన్ సొంతంగా చేసుకున్న రెండు నెప్ట్యూన్ క్షిపణులు. తర్వాత మనిషి లేకుండా నడిచే సముద్ర డ్రోన్లు వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో రెండు వారాల తేడాతో ఇవానోవెత్స్, సీజర్ కునికోవ్ అనే నౌకలు పోయాయి. రష్యా తన నౌకల్లో చాలావాటిని క్రిమియాలోని సెవస్తోపోల్ నుంచి ఇంకా దూరంగా ఉన్న నోవొరొసీస్క్ రేవుకు తరలించుకుంది. చెప్పుకోదగ్గ నౌకాదళమే లేని ఉక్రెయిన్ తన ఒడెస్సా రేవు నుంచి మళ్లీ ధాన్యం ఓడలు నడిపింది. నేల మీద డిపోని విడగొట్టి దాచొచ్చు. నౌకను ముక్కలు చేసి దాచలేవు కదా. హైమార్స్ దెబ్బకు విరుగుడు దొరికింది, సముద్రం మీద దొరకలేదు. ఎందుకని అడిగితే, ఇదీ తేడా అని నాకు తోచింది. నువ్వు వేరేలా అనుకుంటే వాదించు, కానీ 'ఎందుకు' అన్నది వ్యాసంలో ఉండాలి.

డ్రోన్ల మీద నువ్వు రాసింది ఒక్క పేరా. అక్కడ ఒక పుస్తకమే ఉంది. కొన్ని వందల డాలర్ల ఎఫ్‌పీవీ డ్రోన్, అంటే కళ్లద్దాల్లో దాని కెమెరా చూస్తూ నడిపేది, లక్షల డాలర్ల ట్యాంకు మీద పడుతోంది. రేడియో సంకేతాన్ని జామ్ చేస్తే అది గుడ్డిదైపోతుంది. అందుకని దానికి దారం కట్టారు. జుట్టంత సన్నటి ఫైబర్ ఆప్టిక్ దారం, పది ఇరవై కిలోమీటర్ల రీలు, డ్రోన్ ఎగురుతుంటే విప్పుకుంటూ పోతుంది. దాన్ని జామ్ చేయడం కుదరదు. 2024లో రష్యా సేనలు దీన్ని పెద్ద ఎత్తున మొదలుపెట్టాయి, ఉక్రెయిన్ కూడా అందుకుంది. ఇప్పుడు అక్కడి పొలాల మీద, చెట్ల మీద ఆ దారం పేరుకుపోయి ఎండకి మెరుస్తోంది. సంక్రాంతి వెళ్లాక మన కొమ్మల మీదా కరెంటు తీగల మీదా మాంజా వేలాడుతుంది చూడు, అలా, ఊళ్లకు ఊళ్లు.

రోడ్ల మీద వలలు కడుతున్నారు, అది తెలుసా నీకు? డ్రోన్ వచ్చి చిక్కుకుంటుందని, పందిరి వేసినట్టు రోడ్డు పొడవునా. ఫ్రాన్స్‌లో బ్రిటనీ తీరం నుంచి జాలర్లు వాడి పక్కన పెట్టేసిన వలలు పంపారు. చేపల కోసం అల్లిన వల కింద అంబులెన్స్ వెళ్తోంది. ఖేర్సన్ ప్రాంతంలో డ్రోన్లు మామూలు జనాన్ని, సైకిల్ మీద వెళ్లేవాళ్లని, బస్సు కోసం నిలబడ్డవాళ్లని వెంటాడి కొట్టాయి. అది మానవత్వం మీద నేరమని ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం 2025లో తేల్చింది. మన తీరంలో పుట్టినదానివి, వల అంటే ఏమిటో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ సంగతి రాయాల్సింది నువ్వే.

ఖర్చు లెక్క కూడా వెయ్యి. ఇరాన్ నమూనాతో తాతార్‌స్తాన్‌లోని యెలబుగాలో రష్యా తయారుచేస్తున్న షాహెద్ డ్రోన్‌కి కొన్ని పదుల వేల డాలర్లవుతుంది. దాన్ని కూల్చగల అమెరికా పేట్రియాట్ క్షిపణి ఒక్కోటి ముప్పై నలభై లక్షల డాలర్లు. రాత్రికి వందల షాహెద్‌లు వచ్చినప్పుడు ఎవరు ముందు ఖాళీ అవుతారు? అందుకే ఉక్రెయిన్ కొన్ని వేల డాలర్లకే దొరికే, డ్రోన్‌ని ఢీకొట్టే డ్రోన్లు చేసుకుంది. బలం ఎటు మొగ్గుతోందో చూడాలంటే నేను కవాతులో నడిచే ట్యాంకులకంటే ఈ లెక్కనే నమ్ముతాను.

అంకెల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. 2025 జూన్ 1న ఉక్రెయిన్ 117 డ్రోన్లను లారీల్లో చెక్క గదుల కప్పుల కింద దాచి రష్యా లోపలికి పంపి, విమాన స్థావరాల పక్కనే ఎగరేసింది. ఒక స్థావరం నాలుగు వేల కిలోమీటర్ల దూరంలో సైబీరియాలో ఉంది. ఇంతవరకు నిక్కచ్చి. '41 విమానాలు ధ్వంసం' అని నువ్వు తేల్చేశావు. 41 విమానాలకు దెబ్బ తగిలిందన్నది ఉక్రెయిన్ మాట. అమెరికా అధికారుల అంచనా అందులో సగం, పూర్తిగా పోయినవి పది దాకా. మన భాషలో 'అట' అనే చిన్న మాట ఉంది. కళ్లతో చూసిందానికీ ఎవరో చెప్పగా విన్నదానికీ మధ్య గీత గీస్తుంది. యుద్ధం మీద రాసేవాళ్లకి అంత మంచి పనిముట్టు ఇంకోటి లేదు. కాకపోతే 'అట' దగ్గర ఆగకు, అన్నది ఎవరో కూడా రాయి.

ఇక ఆంక్షలు. 'పడమటి దేశాల ఆంక్షలు ఘోరంగా విఫలమయ్యాయి' అని ఒక్క వాక్యంలో ముగించావు. 2022 మార్చిలో చాలామంది సరిగ్గా దానికి ఎదురు మాట రాశారు. రష్యా కేంద్ర బ్యాంకు నిల్వల్లో దాదాపు 300 బిలియన్ డాలర్లు స్తంభింపజేశారు, వడ్డీ రేటు 20 శాతానికి ఎగబాకింది, డాలర్ 120 రూబుళ్లు దాటింది. ఇక కూలిపోతుందన్నారు. జూన్‌కల్లా డాలర్ 60 రూబుళ్ల లోపుకు వచ్చేసింది. అప్పుడు ఆంక్షలు పనిచేయలేదన్నారు. 2024 అక్టోబర్‌లో వడ్డీ రేటు 21 శాతమైంది. ఇప్పుడేమంటావు? కాలువకు అడ్డుకట్ట వేస్తే నీళ్లు ఆగవు, పక్క పొలంలోంచి దారి చేసుకుంటాయి. ఆ చుట్టుదారిలో ఎన్ని ఇంకిపోయాయి, ఎవరి పొలం తడిసింది అని అడుగు.

పక్క పొలం మనదే కదా. యుద్ధానికి ముందు మన ముడి చమురు దిగుమతుల్లో రష్యా వాటా రెండు శాతం లోపు. తర్వాత మూడో వంతు దాటింది. 2022 డిసెంబర్‌లో పడమటి దేశాలు రష్యా చమురుకి బ్యారెల్‌కి 60 డాలర్ల పరిమితి పెట్టాయి. అంతకు ముందూ తర్వాతా మనం డిస్కౌంట్‌లో కొన్నాం. మరి మీ ఊరి బంకులో? 2022 మే నుంచి 2024 మార్చి దాకా పెట్రోలు ధర దాదాపు కదల్లేదు. ఆ మిగులు ఎవరికి చేరిందో వెతుకు, ఓపిక పడితే కంపెనీల వార్షిక లెక్కల్లో దొరుకుతుంది. ఆ చమురు కొన్నందుకే 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద ఇంకో 25 శాతం సుంకం వేసి మొత్తం 50 చేసింది. మన రొయ్యలకు పెద్ద గిరాకీ అమెరికాలోనే. అంటే తూర్పు ఉక్రెయిన్‌లోని దోన్‌బాస్‌లో జరిగే యుద్ధం భీమవరంలో చెరువు గట్టు మీద నిలబడ్డ రైతుకి టెన్షన్ పెట్టింది. ఈ దారి అంతా తెలిశాక 'విఫలం' అనే మాట నీకే చిన్నదిగా కనిపిస్తుంది.

బలం చేతులు మారడం గురించి పెద్ద మాటలు వద్దు, ఒక వస్తువు చూపించు. 1994లో బుడాపెస్ట్‌లో రక్షణ హామీలు తీసుకుని ఉక్రెయిన్ తన నేల మీదున్న అణ్వాయుధాలు వదులుకుంది. 1999లో గ్యాస్ బాకీ కింద ఎనిమిది టీయూ-160, మూడు టీయూ-95 బాంబర్లను, వందలకొద్దీ క్షిపణులను రష్యాకే ఇచ్చేసింది. ఆ రకం విమానాల నుంచే ఇప్పుడు దాని ఊళ్ల మీద క్షిపణులు పడుతున్నాయి. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంకొకటి: 2024 డిసెంబర్‌లో రష్యాలోని కలినిన్‌గ్రాద్‌లో మన నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ తుషిల్. నౌక కట్టింది రష్యా, లోపలి గ్యాస్ టర్బైన్ ఇంజిన్లు ఉక్రెయిన్‌వి, జెండా మనది. 2009-13 మధ్య మన ఆయుధ దిగుమతుల్లో 76 శాతం రష్యావి, 2019-23కి అది 36 శాతమని స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ సిప్రి లెక్క. ఆ అంకె పక్కన ఈ నౌకను పెట్టు, చదివేవాళ్లకి అర్థమవుతుంది.

చివరిగా, నువ్వు హైదరాబాద్ కుర్రాడి గురించి రాద్దామనుకుంటున్నానన్నావు. హెల్పర్ ఉద్యోగమని ఏజెంట్లు చెబితే రష్యా వెళ్లి, యుద్ధంలో చనిపోయాడు. 2024 మార్చిలో వార్త వచ్చింది, అలా మోసపోయినవాళ్ల విషయంలో సీబీఐ కేసు కూడా పెట్టింది. రాయి, తప్పక రాయి. కానీ పేరు రాసేముందు ఆ ఇంటివాళ్లను అడుగు. వద్దంటే వద్దు. మొదటిసారి వెళ్లినప్పుడు ఫోన్ రికార్డింగ్ పెట్టకు. ఏజెంట్లు ఏం చూపించారు, ఏ భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టించారు, ఎంత డబ్బు తీసుకున్నారు, ఇవి కనుక్కో. అవి తెలిస్తే రేపు ఇంకో ఇంటివాడు జాగ్రత్తపడతాడు. కన్నీళ్ల వర్ణన ఎంత తక్కువుంటే అంత మంచిది.

వ్యాసం మళ్లీ రాయి. చిట్టాలోంచి మూడు ఆయుధాలు ఉంచుకుని మిగతావి తీసెయ్. రాసేముందు మీ అన్నయ్యకి ఫోన్ చేసి, పిసోచిన్ నడిచేటప్పుడు సంచిలో ఏం పెట్టుకున్నాడో, దారిలో బరువై ఏం పారేశాడో అడుగు. అతను చెప్పింది చెప్పినట్టు మొదటి పేరాలో రాసి, ఉగాదిలోపు నాకు పంపు.

ఇట్లు,
మీ మాస్టారు